పలచబడినప్పుడే పట్టుకోవాలి

(ప్రొద్దుటూరులో గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా మహిళలతో మాట్లాడిన మాటలకు రాత రూపం)

అందరికీ నమస్కారం. ఇంట్లో ఉన్న పాత జీన్స్ ప్యాంటు ఒకటి వెంట తెచ్చుకోమని చెప్పాం. చాలామంది తెచ్చారు, సంతోషం. ఒక పని చేయండి. ప్యాంటును తొడల దగ్గర రెండు చేతులతో పట్టుకుని ఆ కిటికీకి ఎదురుగా ఎత్తండి. ఎక్కడ వెలుతురు ఇవతలికి వస్తోందో చూడండి. కాళ్లు రెండూ కలిసే చోట, దానికి కాస్త కింద... కనబడిందా? అక్కడ గుడ్డ ఇంకా చిరగలేదు. మామూలుగా చూస్తే బాగానే ఉంది. కానీ ఇంకో పది ఉతుకులకు పోతుంది.

ఈరోజు నేను చెప్పాలనుకున్నది ఆ చోటు గురించే. చిరిగిన చోటు గురించి తక్కువ, చిరగబోయే చోటు గురించి ఎక్కువ.

ముప్పై ఏళ్లుగా ఇంట్లోనే మిషన్ పెట్టుకుని కుడుతున్నాను. జాకెట్లు, లంగాలు, ఆల్టరేషన్లు. జీన్స్ ప్యాంట్లు తెచ్చే వాళ్లంతా పూర్తిగా చిరిగాకే తెస్తారు. "అక్కా, దీనికేమైనా మాసిక పడుతుందా" అని అడుగుతారు. పడుతుంది. కానీ అదే ప్యాంటు రెండు నెలల ముందు తెచ్చి ఉంటే పావుగంట పని. ఇప్పుడు రెండు గంటల పని, పైగా కుట్టు బయటికి కనబడుతుంది. ఈ తేడా ఎందుకొస్తుందో తెలియాలంటే ఈ గుడ్డ ఎలా నేస్తారో తెలియాలి.

మన ప్రొద్దుటూరులో మగ్గాలున్న ఇళ్లకు కొదవలేదు కాబట్టి పడుగు అంటే నిలువు పోగు, పేక అంటే అడ్డపోగు అని మీకు విడమరిచి చెప్పనక్కర్లేదు. జీన్స్ కుట్టే గుడ్డను డెనిమ్ అంటారు. అందులో పడుగు నీలం, పేక తెలుపు. పడుగు పోగు మూడు పేక పోగుల మీదుగా వెళ్లి ఒకదాని కింద దూరుతుంది. మళ్లీ మూడింటి మీదుగా వెళుతుంది. అందుకే పైవైపు అంతా నీలంగా, లోపలివైపు తెల్లగా ఉంటుంది. ప్యాంటు తిరగేస్తే కనిపించే తెలుపు రంగు వెలిసిన తెలుపు కాదు, అది పేక.

ఇప్పుడు ఆలోచించండి. రాపిడి ఎక్కడ తగులుతుంది? పైవైపు. పైన ఉన్నది పడుగు. కాబట్టి ముందు నీలం పోగులు అరిగి తెగిపోతాయి. తెల్ల పోగులు మాత్రం అడ్డంగా అలాగే మిగిలి ఉంటాయి. మోకాలి దగ్గర చిరిగిన జీన్స్‌లో అడ్డంగా తెల్లటి దారాలు వేలాడుతూ ఉంటాయి కదా, అవే ఇవి. చాలామంది అవి అసహ్యంగా ఉన్నాయని కత్తెరతో కత్తిరించేసి నా దగ్గరికి తెస్తారు. అమ్మా, దయచేసి ఆ పని చేయకండి. అవి పాడైన దారాలు కావు. మగ్గం మీద పడుగు తెగినా పేక నిలిచి ఉన్నట్టు, సగం గుడ్డ ఇంకా అక్కడ బతికే ఉంది. మనం వేయాల్సింది నిలువు దారాలు మాత్రమే. వాటిని కత్తిరించేస్తే రెండువైపులా మనమే వేసుకోవాలి.

నీలం సంగతి కూడా ఒక మాట. నీలిమందు రంగు నూలు పోగు లోపలిదాకా ఇంకదు, పైపైనే పొరలా పట్టి ఉంటుంది. పోగు మధ్యలో తెల్లగానే ఉంటుంది. పైపొర అరిగేకొద్దీ తెలుపు బయటపడుతుంది. అందువల్లే జీన్స్ అంత అందంగా వెలుస్తుంది. మన కడప జిల్లాలో ఒకప్పుడు నీలిచెట్టు విస్తారంగా పండించేవారు. 1897లో జర్మనీ వాళ్లు ఫ్యాక్టరీలో చేసిన నీలాన్ని బజారులోకి తెచ్చాక ఆ సేద్యం పడిపోయింది. ఇప్పుడు మనం వేసుకునే జీన్స్‌లో దాదాపు అంతా ఆ ఫ్యాక్టరీ నీలమే. ఉప్పు నీళ్లలో నానబెడితే రంగు పోదని అంటారు కదా, ఈ రంగు ఉప్పుకు లొంగదు. తిరగేసి చల్లటి నీళ్లలో ఉతికి నీడన ఆరేయడమే దానికి మందు.

ఇప్పుడు ప్యాంటు మళ్లీ చేతిలోకి తీసుకోండి. ఎక్కడ అరిగిందో చూస్తే అది ఎవరిదో చెప్పేయొచ్చు. మా ఆయన రోజంతా బండి మీద తిరిగే మనిషి. ఆయన ప్యాంటు సీటు దగ్గర, తొడల లోపలివైపు అరుగుతుంది. వెనక జేబు మూల పర్సు ఒత్తుకుని చిరుగుతుంది. మా అబ్బాయి చిన్నప్పుడు గోలీలాటలో మోకాళ్ల మీదే కూర్చునేవాడు, ఆ మోకాళ్లలోనూ కుడిదే ముందు పోయేది. అమ్మాయి ప్యాంటు కింద అంచు, మడమ కింద పడి నలిగేది. ఒక్కొక్కరు ఒక్కో చోట. మీ ఇంట్లో ఎవరిది ఎక్కడ పోతుందో మీకు తప్ప ఇంకెవరికీ తెలియదు. దర్జీకి కూడా తెలియదు. అందుకే ఈ పని ఇంట్లో చేయాల్సిన పని అంటాను.

దీనికి పెద్ద సాక్ష్యం ఉంది. జీన్స్ ప్యాంటు జేబు మూలల్లో రాగి బొత్తాల్లాంటివి ఉంటాయి కదా, రివెట్లు. అవి ఎలా వచ్చాయో తెలుసా? అమెరికాలో నెవాడా రాష్ట్రంలో రీనో అనే ఊళ్లో జేకబ్ డేవిస్ అని ఒక దర్జీ ఉండేవాడు. 1870 ప్రాంతంలో ఒక కూలీ భార్య అతని దగ్గరికి వచ్చి, మా ఆయనకు చిరగని ప్యాంటు కుట్టిపెట్టమని అడిగింది. డేవిస్ గుర్రాల దుప్పట్లకు తోలు పట్టీలు బిగించడానికి రాగి రివెట్లు వాడేవాడు. వాటినే తీసి జేబు మూలలకు, లాగుడు పడే చోట్లకు కొట్టాడు. ప్యాంటు నిలబడింది. అలాంటివి కావాలని పక్కవాళ్లు, వాళ్ల పక్కవాళ్లు వచ్చారు. పేటెంటు తీసుకోవడానికి డబ్బు కావాలి కాబట్టి తనకు గుడ్డ అమ్మే శాన్‌ఫ్రాన్సిస్కో వర్తకుడు లీవై స్ట్రాస్‌కు రాశాడు. 1873 మే 20న ఇద్దరికీ కలిపి పేటెంటు వచ్చింది. ప్రపంచమంతా ఆ వర్తకుడి పేరే మిగిలింది. ఆ ఇల్లాలి పేరు ఎవరూ చెప్పుకోరు. కానీ మొదట మాట అడిగింది ఆమె. భర్త ప్యాంటు ఎక్కడ చిరుగుతుందో తెలిసిన మనిషి ఆమె.

సరే, పనిలోకి వద్దాం. ముందు తొడల లోపలి చోటు. ఎక్కువ పాడయ్యేది, ఎక్కువమంది వదిలేసేది అదే.

ప్యాంటు తిరగేయండి. పలచబడిన చోటికి లోపలి నుంచి అతుకు వేయాలి. ఇక్కడ నేను చేసిన తప్పు చెబుతాను. పెళ్లయిన కొత్తలో మా ఆయన ప్యాంటుకు గట్టిగా ఉంటుందని మందపాటి కొత్త డెనిమ్ ముక్క పెట్టి, చుట్టూ నాలుగు వైపులా మిషన్ కుట్టు రెండేసి వరుసలు వేశాను. చూడటానికి చాలా బాగుంది. నెల తిరక్కుండానే ఆ ముక్క చుట్టూ, సరిగ్గా కుట్టు వెంబడే గీత గీసినట్టు చిరిగిపోయింది. ముక్క మాత్రం చెక్కుచెదరలేదు. చాలా బాధపడ్డాను, ఆయనకు ఉన్నవే రెండు ప్యాంట్లు. పాత గుడ్డకు కొత్త బలం తగిలిస్తే ఆ బలం పాతదాన్నే లాగి చింపుతుందని అప్పుడు అర్థమైంది.

అప్పటి నుంచి పాటిస్తున్నవి ఇవీ. అతుకు గుడ్డ ప్యాంటు కంటే కాస్త పలచగా ఉండాలి, లేదా అదే మందం. డెనిమ్ మందాన్ని చదరపు గజానికి ఇన్ని ఔన్సుల బరువని లెక్కేస్తారు. మగవాళ్ల గట్టి ప్యాంటు 12 నుంచి 14 ఔన్సులు ఉంటే, డెనిమ్ చొక్కా 4 నుంచి 6 ఔన్సులే ఉంటుంది. పాత డెనిమ్ చొక్కా ఉంటే పారేయకండి, తొడల దగ్గరికి అంతకంటే మంచి అతుకు దొరకదు. ముక్కను ముందే ఉతికి ఆరేయండి, లేకపోతే కుట్టాక అది కుంచించుకుని ప్యాంటును ముడుస్తుంది. పలచబడిన చోటుకు ప్రతి వైపు రెండు వేళ్ల వెడల్పు ఎక్కువ ఉండాలి. మూలలు గుండ్రంగా కత్తిరించండి, మూల ఉంటే అక్కడే లాగుడు పడుతుంది.

ముక్కను చేత్తో పొడుగు కుట్లు వేసి నిలబెట్టండి. తర్వాత పడుగు ఎటు పోతుందో అటు, అంటే పై నుంచి కిందికి, వరుసలు వరుసలుగా కుట్టండి. చేత్తో అయితే పరుగు కుట్టు, కుట్టుకొకటి బియ్యపు గింజంత. వరుసకూ వరుసకూ మధ్య కూడా బియ్యపు గింజంతే. మిషన్ అయితే ముందుకు ఒక వరుస, రివర్స్‌లో ఒక వరుస. ఇక్కడ ముఖ్యమైన సంగతి: వరుసలన్నీ ఒకే చోట ఆపకండి. ఒకటి కాస్త పైదాకా, ఇంకోటి కాస్త కిందిదాకా పోవాలి. అన్నీ ఒకే గీత దగ్గర ఆగితే నేను చెప్పిన పాత కథే అవుతుంది. కాళ్లు రెండూ కలిసే చోట నాలుగు కుట్లు ఒకటయ్యే ముడి మీద మాత్రం కుట్టకండి. దానికి ఇటూ అటూ రెండు ముక్కలుగా అతుకు వేయండి. ఆ ముడి మీద కుడితే మందం ఎక్కువై సూది విరుగుతుంది, వేసుకున్న వాళ్లకు గుచ్చుకుంటుంది కూడా.

ఈ పరుగు కుట్టు కొత్తగా నేర్చుకోవాల్సింది కాదు. మా జేజి పాత చీరలు నాలుగు పొరలు వేసి బొంత కుట్టేది. నేలమీద పరిచి, ఒక మూల తను కూర్చుని, ఇంకో మూల నన్ను కూర్చోబెట్టి మధ్యకు కుట్టుకుంటూ రమ్మనేది. ఆ కుట్టే ఇది. జపాన్‌లో దీన్నే సాషికో అంటారు. అక్కడి ఉత్తరాది చలి ఊళ్లలో పేదవాళ్లు నీలిమందు అద్దిన పాత గుడ్డలను పొరలు పొరలుగా ఇలాగే కుట్టుకుని వేసుకునేవారు. ఇప్పుడు జీన్స్ మీద తెల్ల దారంతో ఆ కుట్టు పైకి కనబడేలా వేసుకుంటున్నారు. పిల్లలు కాలేజీకి అలా వేసుకెళ్లడానికి ఇష్టపడతారు, ఒకసారి చూపించి అడగండి.

వెనక కూర్చున్న చెల్లెలు అడుగుతోంది, సాగే జీన్స్ అయితే ఏం చేయాలని. మంచి ప్రశ్న. అమ్మాయిలవి ఇప్పుడు చాలావరకు అవే. వాటికి అతుకు కూడా సాగే గుడ్డే ఉండాలి, అది కూడా ప్యాంటు ఎటు సాగుతుందో అటే సాగాలి. సాగని ముక్క వేస్తే పక్కన చిరుగుతుంది. తిన్నని కుట్టు బదులు జిగ్‌జాగ్ వేయండి. వేడి ఇస్త్రీ పెట్టకండి, వేడికి లోపలి సాగే పోగు చచ్చిపోతుంది. ఒకసారి ఆ పోగు చచ్చి మోకాళ్ల దగ్గర సంచిలా వేలాడిందంటే దానికి మందు లేదు, నా దగ్గరే కాదు, ఎవరి దగ్గరా లేదు.

మిషన్ గురించి అందరికీ ఒక భయం ఉంది, జీన్స్ కుడితే ఇంటి మిషన్ పాడవుతుందని. పాడవదు. సూది మార్చాలి అంతే. జాకెట్ గుడ్డకు వాడే 11, 14 నంబర్ల సూదితో కుడితే విరుగుతుంది. 16 నంబరు వేయండి, మరీ మందంగా ఉంటే 18. కుట్టు పొడుగు పెంచండి, మూడు మిల్లీమీటర్ల పైనే ఉండాలి. పైదారం లావుది, కింది దారం చుట్టే బాబిన్‌లో మామూలు దారం. పైదారం బిగువు, అదే టెన్షన్, కొంచెం వదులు చేయండి. పాత ముక్క మీద కుట్టి చూసుకున్నాకే ప్యాంటు మీదికి వెళ్లండి. కుట్లు కలిసే మందపాటి చోటు వచ్చినప్పుడు పెడల్ మీంచి కాలు తీసేసి, చక్రం చేత్తో తిప్పుతూ ఒక్కో కుట్టూ వేయండి. అంతకుముందే ఆ చోటును గుడ్డ కప్పి సుత్తితో నాలుగు దెబ్బలు కొడితే మెత్తబడుతుంది. మిషన్ పాదం ఎక్కలేక వెనక్కి వాలిపోతుంటే, పాదం వెనక భాగం కింద అదే మందానికి మడిచిన డెనిమ్ ముక్క పెట్టండి. పాదం సమంగా నిలబడి ముందుకు నడుస్తుంది. రివెట్ మీద మాత్రం ఎప్పుడూ కుట్టకండి.

మన ఊరి దర్జీలకు జీన్స్ చేయి తిరిగింది 1990ల మధ్యలో. అహ్మదాబాద్ అరవింద్ మిల్లు వాళ్లు రఫ్ అండ్ టఫ్ అని ప్యాకెట్ అమ్మేవారు. అందులో గుడ్డ, జిప్పు, బొత్తాం, రివెట్లు అన్నీ ఉండేవి. కొనుక్కొచ్చి దర్జీకి ఇస్తే ఆయన కుట్టిపెట్టేవాడు. నేను కూడా ఆ ప్యాకెట్లు కుట్టే జీన్స్ పని నేర్చుకున్నాను. కాబట్టి ఇది ఫ్యాక్టరీలో తప్ప కుదరని పని అని ఎవరైనా అంటే నమ్మకండి.

మోకాలు. ఇక్కడ చిక్కు ఏమిటంటే కాలు గొట్టంలా ఉంటుంది, మిషన్ కిందికి దూరదు. ప్యాంటు కాలికి రెండు వైపులా కుట్లుంటాయి. ఒకవైపు పైకి రెండు వరుసలు కనబడతాయి, దాన్ని ముట్టుకోకండి. రెండోవైపు పైకి ఏ వరుసా కనబడదు, లోపల మామూలు కుట్టు ఉంటుంది. ఆ కుట్టును మోకాలి దగ్గర ఒక జానెడు మేర విప్పండి. కాలు అక్కడ పరుచుకుంటుంది. అతుకు వేసుకుని మళ్లీ మూసేయండి. పిల్లల ప్యాంట్లకైతే కొన్నరోజే, చిరగకముందే రెండు మోకాళ్లకూ లోపల అతుకులు వేసి పెట్టండి. కొత్త ప్యాంటుకు మాసికేమిటని ఇంట్లో అంటారు. రివెట్టు కూడా కొత్త ప్యాంటుకు వేసిన మాసికే కదా.

ఇక పొడుగు. పిల్లలకు ప్యాంటు పొడుగైతే కింద కత్తిరించేయకండి. ఇది నాకు చాలా ముఖ్యమైన విషయం. వెలిసి అందంగా ఉన్న పాత అంచును అలాగే ఉంచి పొట్టి చేయొచ్చు. మూడు అంగుళాలు తగ్గించాలనుకోండి. అంచును బయటివైపుకి పైకి మడవండి. అంచు పట్టీని లెక్కలోకి తీసుకోకుండా, దాని కుట్టు నుంచి మడత దాకా ఒకటిన్నర అంగుళం ఉండాలి. అంటే తగ్గించాల్సిన దాంట్లో సగం. ఇప్పుడు అంచు పట్టీని ఆనుకుని చుట్టూ ఒక కుట్టు వేయండి. అంచును కిందికి దించండి. లోపల మడత దాక్కుంటుంది, బయట పాత అంచే కనబడుతుంది. ఆ మడతను కత్తిరించకుండా లోపల చేత్తో అక్కడక్కడా పట్టించండి. వచ్చే ఏడు బిడ్డ ఎదిగితే ఆ ఒక్క కుట్టు విప్పితే చాలు, మూడు అంగుళాలు తిరిగి వస్తాయి. అన్న ప్యాంటు తమ్ముడికి వేసేటప్పుడు మళ్లీ మడవండి. మా ఇంట్లో ఒకే ప్యాంటు ఇలా ఇద్దరు పిల్లలకు ఆరేళ్లు నడిచింది.

నడుము వదులైతే పట్టీ లోపలి పొరను వెనక భాగంలో రెండు పక్కలా చిన్నగా తెరిచి, అందులో ఎలాస్టిక్ దూర్చి చివరలు కుట్టేయండి. జిప్పు జారిపోతుంటే జిప్పు మార్చేయకండి. ఎక్కువసార్లు పళ్లు బాగానే ఉంటాయి, రన్నర్ వదులై ఉంటుంది. పట్టకారుతో రెండు పక్కలా మెల్లగా నొక్కి, పళ్ల మీద కొవ్వొత్తి రుద్దండి. ఇంతే.

ఇక మాసికలతో పని కాని ప్యాంట్లు. వాటిని ఏం చేయాలన్నప్పుడు అందరూ మొదట సంచి అంటారు. నేను సంచి చివర అంటాను. మనిషి ఒంటి మీద వేసుకోవడానికి పనికొచ్చినంత కాలం బట్టగానే ఉండాలి. పెద్దవాళ్ల ప్యాంటులో తొడలు, మోకాళ్లు పోయినా, మోకాలి కింద వెనకభాగం దాదాపు కొత్తదిలా ఉంటుంది. అక్కడ రాపిడి తగలదు. రెండు కాళ్ల నుంచి ఆ భాగం తీస్తే మూడు నాలుగేళ్ల పాపకు గౌను కింది భాగం వస్తుంది, బాబుకు నిక్కరు వస్తుంది. ప్యాంటు కింది అంచునే నిక్కరు అంచుగా వాడండి, ఒక కుట్టు మిగులుతుంది. వెనక జేబులు విప్పి చిన్నదానికి వేయండి, పిల్లలకు జేబులంటే ప్రాణం. నాన్న ప్యాంటుతో కుట్టిందని తెలిస్తే ఆ పాప దాన్ని ఎలా వేసుకుంటుందో మీరే చూస్తారు.

పిల్లల బట్టలకు కూడా పనికిరాని స్థితికి వచ్చాక చతురస్రాలు కత్తిరించి, వెనక పాత నూలు చీర వేసి, మధ్యలో ఏమీ పెట్టకుండా బొంత కుట్టండి. మంచం మొత్తానికి సరిపోయేది కుట్టకండి, నీళ్లు పడితే ఎత్తలేరు. నేలమీద ఇద్దరు కూర్చునేంత చాలు. ఇంకా మిగిలితే వంటింట్లో గిన్నెలు దించే మసిగుడ్డ. మూడు పొరలు వేసి అడ్డదిడ్డంగా కుట్టండి. దానికి మాత్రం సాగే జీన్స్ వాడకండి, అందులో సింథటిక్ ఉంటుంది, మంట తగిలితే కరిగి చేతికి అంటుకుంటుంది. తడిగుడ్డతో కూడా వేడి గిన్నె పట్టుకోవద్దు, ఆవిరి కాలుతుంది.

ఇక్కడ బల్ల మీద 16 నంబరు సూదులు, చేతిసూదులు, తెల్లదారం, నీలందారం పెట్టాను. పాత డెనిమ్ చొక్కాలు మూడు ముక్కలు చేసి ఉంచాను, అతుకులకు వాడుకోండి. మీరు కిటికీకి ఎదురుగా ఎత్తి చూసిన చోటు చుట్టూ చాక్‌తో గీత గీయండి. ప్యాంటు తిరగేయండి. రండి, మొదటి నలుగురూ ఇటు వచ్చి కూర్చోండి.